తలుపు సందు చెప్పే సంగతులు

కారు తలుపుకీ దాని వెనకనున్న రేకుకీ మధ్య సన్నటి నల్లగీత ఒకటి ఉంటుంది. పై కొసన ఆ గీత వెడల్పు నాలుగు మిల్లీమీటర్లనుకోండి. కింది కొసకొచ్చేసరికి అది ఐదయితే చాలు, బండ్ల గురించి ఏమీ తెలియని మనిషి కూడా రెండడుగులు వెనక్కి వేసి ‘ఎక్కడో తేడాగా ఉంది’ అంటాడు. ఏమిటా తేడా అంటే చెప్పలేడు. అయినా అతని కన్ను పొరబడలేదు.

రెండు చుక్కలు మనకి విడివిడిగా కనబడాలంటే వాటి మధ్య డిగ్రీలో అరవయ్యో వంతు కోణమైనా ఉండాలి. మీటరు దూరంలో అది 0.3 మిల్లీమీటర్లు. మంచి చూపున్న కంటికి హద్దు అదే. కానీ రెండు గీతలు ఒకే వరుసలో ఉన్నాయా, ఒకటి పక్కకి జరిగిందా అని పోల్చేటప్పుడు అదే కన్ను ఆ హద్దుని దాటిపోతుంది. మీటరు దూరం నుంచి 0.05 మిల్లీమీటర్ల జరుగుడిని కూడా పట్టేస్తుంది. అది తలవెంట్రుక మందం కన్నా తక్కువ. రెటీనాలో పక్కపక్కనున్న రెండు కణాల మధ్య దూరం కన్నా సూక్ష్మమైన తేడా అది. ఒక్కో కణం విడిగా దాన్ని చూడలేదు. ఎన్నో కణాలు పంపిన సమాచారాన్ని మెదడు కలిపి లెక్కకట్టడం వల్లే ఇది సాధ్యమవుతుంది. దీనికి వెర్నియర్ తీక్ష్ణత అని పేరు. 1631లో పియర్ వెర్నియర్ రూపొందించిన కొలబద్ద, ఈనాటికీ లేత్ షాపుల్లో వాడే వెర్నియర్ కాలిపర్, పనిచేసేది కంటికున్న ఈ శక్తి మీద ఆధారపడే.

టింకరింగ్ మేస్త్రీలు సందు చూసే తీరు గమనించండి. తలుపుకి ఎదురుగా నిలబడరు. బండి వెనక మూలన గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, రేకు వెంబడి ముందుకి చూపు సారిస్తారు. అలా వాలుగా చూస్తే పొడవాటి గీత అంతా దగ్గరకొచ్చి చిన్నదవుతుంది, అందులోని వంకర మాత్రం అలాగే ఉండి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఏ పుస్తకంలోనూ చదవకుండానే వాళ్లు తమ కంటిని అది అత్యంత చురుగ్గా పనిచేసే కోణంలో పెడుతున్నారు.

కాశీబుగ్గ దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీద రాత్రీ పగలూ బండ్లు ఆగవు. చెన్నై, కోల్‌కతాలని కలిపే ఆ దారి మన జిల్లాలో టెక్కలి, పలాస దాటుకుని ఇచ్ఛాపురం మీదుగా ఒడిశాలోకి పోతుంది. దెబ్బతిన్న బండి మొదట చేరేది దారి పక్క షెడ్డుకే. లారీ క్యాబిన్లు, ఆటోలు, బొలేరోలు, స్విఫ్టులు అక్కడ ఎక్కువ. రెండే తలుపులతో నేలకి అంటుకున్నట్టుండే స్పోర్ట్స్ కారు అరుదు. ఈ అధ్యాయానికి ఆ అరుదైన బండినే ఎంచుకున్నాను. మామూలు కారు దాచుకోగలిగిన తప్పుని స్పోర్ట్స్ కారు దాచుకోలేదు. దాని తలుపు పొడవు, బానెట్ వెడల్పు, ఒళ్లంతా వంపులు. శరీరంలో ఎక్కడ అర మిల్లీమీటరు తేడా వచ్చినా అది పెరిగి పెద్దదై ఏదో ఒక సందులో బయటపడుతుంది.

సందు సమంగా లేని బండిని చూపిస్తే ఇక్కడి మేస్త్రి అనే మాట ఇలా ఉంటుంది: ‘సందు ఇక్కడ కనపడతంది గానీ బాబూ, రోగం ఇక్కడే ఉంటాదేటి?’ ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్నకి వివరణ.

*

ముందుగా, సందు అసలు ఎందుకుండాలి? రేకులన్నీ అతికినట్టు కలిపేయవచ్చు కదా?

తలుపు తెరుచుకునేటప్పుడు దాని ముందు అంచు బందుల చుట్టూ తిరుగుతూ ఫెండర్ లోపలివైపుకి వెళుతుంది. అక్కడ చోటు లేకపోతే రంగు గీసుకుపోతుంది. బండి గుంతలో పడ్డప్పుడు శరీరం కాస్త మెలితిరుగుతుంది, ఆ మెలిక తీసుకోవడానికీ చోటు కావాలి. ఇక మూడోది ఎండ. మే నెల మధ్యాహ్నం పలాసలో నల్లకారు బానెట్ మీద చెయ్యి పెట్టలేం. పొద్దున 25 డిగ్రీలున్న రేకు ఎండలో 65 డిగ్రీలకి చేరిందనుకుందాం. ఉక్కు ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షలకి 12 వంతులు పెరుగుతుంది, అల్యూమినియం 23 వంతులు. మీటరుంపావు బానెట్ ఉక్కుదైతే 40 డిగ్రీల తేడాకి 0.6 మిల్లీమీటర్లు, అల్యూమినియందైతే 1.15 మిల్లీమీటర్లు సాగుతుంది. ప్లాస్టిక్ బంపర్ సంగతి ఇంకా వేరు. పది లక్షలకి 60 వంతుల చొప్పున సాగే రకం ప్లాస్టిక్ అనుకున్నా, మీటరు డెబ్బై సెంటీమీటర్ల బంపర్ నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకే బంపర్ని నడిమధ్య గట్టిగా బిగించి, రెండు కొసల దగ్గర పొడవాటి కోలరంధ్రాల్లో జారేటట్టు వదులుతారు. కొసల్ని కూడా బిగించేస్తే ఎండకి అది అలలు తేలుతుంది.

దీన్నుంచి షెడ్డుకి పనికొచ్చే సూత్రం ఒకటి దొరుకుతోంది. సందుని పొద్దున్నే, నీడలో, బండి చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఎడమవైపు ఎండలోనూ కుడివైపు నీడలోనూ ఉన్న బండిని కొలిచి రెండు వైపులా తేడా ఉందనడం సూర్యుణ్ణి కొలవడమే అవుతుంది.

ఈనాటి కార్లలో సందు సాధారణంగా మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు. వెడల్పుతో పాటు మట్టాన్ని కూడా చూడాలి, అంటే పక్కపక్క రేకులు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా అన్నది. ముందు రేకు కన్నా వెనక రేకు అంచు పైకి లేచి ఉంటే ఎదురుగాలి దానికి కొట్టుకుని చప్పుడు చేస్తుంది. వేగంగా పోయే బండిలో ఆ చప్పుడు చెవులకి పరీక్ష. కాబట్టి వెనక రేకు అంచు ముందుదానితో సమంగానో, అర మిల్లీమీటరు లోపలికో ఉండేటట్టు చూస్తారు. తలుపు ముందు అంచు ఫెండర్ కన్నా ఎప్పుడూ బయటికి రాకూడదు.

*

సందు సమంగా రావడం ఎంత కష్టమో తెలియాలంటే కారు పుట్టేచోటికి వెళ్లాలి. మన రాష్ట్రంలో అలాంటి చోటు పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఉంది. 2019లో అక్కడి కియా కర్మాగారం నుంచి సెల్టోస్ కార్లు బయటికి రావడం మొదలైంది. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో కట్టిన కర్మాగారం అది. అప్పట్లో ఆ ఊరు అనంతపురం జిల్లాలో ఉండేది, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. స్పోర్ట్స్ కార్లు అక్కడ తయారు కావు గానీ, రేకుల్ని కలిపే శాస్త్రం ఎక్కడైనా ఒకటే.

కారు శరీరం అంటే మిల్లీమీటరుకి అటూఇటూ మందమున్న పల్చటి రేకుల్ని ప్రెస్సుల్లో వంచి, కొన్ని వేల చోట్ల స్పాట్ వెల్డింగుతో కుట్టిన గూడు. ప్రెస్సులోంచి తీసిన రేకు, అచ్చు వదలగానే, కాస్త వెనక్కి విచ్చుకుంటుంది. ఎంత విచ్చుకుంటుందన్నది ఆ చుట్టలోని ఉక్కు గట్టిదనం మీదా, మందం మీదా ఆధారపడుతుంది. అవి చుట్టచుట్టకీ కొద్దిగా మారతాయి. కాబట్టి ఏ రెండు రేకులూ అచ్చంగా ఒకేలా ఉండవు. పది ముక్కలు వరుసగా కలిపితే, ఒక్కోదానిలో అర మిల్లీమీటరు అటూఇటూ తేడా ఉంటే, చివరికి ఐదు మిల్లీమీటర్లు పోవాలి కదా? అన్ని తప్పులూ ఒకే వైపుకి జరిగితే పోతుంది. నిజానికి కొన్ని ఇటూ కొన్ని అటూ జరిగి చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. యాదృచ్ఛికమైన తప్పులు సంఖ్యకి వర్గమూలం చొప్పున పెరుగుతాయని గణాంకశాస్త్రం చెబుతుంది. పదికి వర్గమూలం 3.16. దాన్ని అర మిల్లీమీటరుతో గుణిస్తే మిల్లీమీటరున్నర దాటి కాస్త. నాలుగు మిల్లీమీటర్ల సందులో అది కూడా ఎక్కువే. ఆ మిగిలిన తేడాని ఎలా తగ్గిస్తారు?

ఆధారబిందువులతో. గాలిలో తేలుతున్న పెట్టె ఒకటి ఊహించండి. అది ముందుకీ వెనక్కీ, కుడికీ ఎడమకీ, పైకీ కిందకీ జరగగలదు. ఈ మూడు దిశల చుట్టూ తిరగగలదు కూడా. మొత్తం ఆరు స్వేచ్ఛలు. ఆ పెట్టెని ఒకే ఒక స్థానంలో నిలపాలంటే ఆరు బిందువులు కావాలి. కింద మూడు బిందువులు దాని తలాన్ని పట్టుకుంటాయి. పక్కన రెండు దాని దిశని పట్టుకుంటాయి. కొసన ఒకటి దాని జారుడుని ఆపుతుంది. ఇంజనీర్లు దీన్ని మూడు-రెండు-ఒకటి అంటారు. ఏడో బిందువు పెడితే మిగతా ఆరింటితో పేచీ పెట్టుకుంటుంది, వస్తువు వంగాల్సివస్తుంది. పెద్దపెద్ద పల్చటి రేకులు తమ బరువుకి తామే వాలిపోతాయి గనక వాటికి మరికొన్ని దన్నులు పెడతారు గానీ, స్థానాన్ని నిర్ణయించేది ఆ ఆరే. కారు అడుగుభాగంలో కనబడే గుండ్రటి రంధ్రాల్లో కొన్ని ఈ పని కోసమే ఉన్నాయి. తయారీలో ప్రతి దశలోనూ శరీరాన్ని ఆ రంధ్రాల్లోనే పట్టుకుంటారు. దాంతో ప్రతి ముక్కా తన పక్క ముక్కని చూసి కాకుండా ఒకే మూలాన్ని చూసి కూర్చుంటుంది, తప్పుల గొలుసు పొట్టిదవుతుంది.

షెడ్డులో చేసే మరమ్మత్తుకి ఇక్కడే కీలకం ఉంది. గుద్దుకున్న బండిలో ఫెండర్ని చూసి తలుపుని సర్ది, ఆ తలుపుని చూసి బానెట్‌ని సర్దితే తప్పు ఒకదాన్నుంచి ఒకదానికి బదిలీ అవుతూ పోతుంది. ముందు చెక్కుచెదరని భాగం ఏదో వెతకాలి. దానికి నేను చూసిన వాటిలో అన్నిటికన్నా నమ్మదగిన పరికరం మామూలు టేపు. తలుపు ఊడదీసి, ఆ ద్వారంలో మూల నుంచి మూలకి రెండు కర్ణాలూ కొలవాలి. కారు తలుపు ద్వారం దీర్ఘచతురస్రం కాదు గనక ఆ రెండూ సమంగా రావు. కుడివైపు కర్ణాన్ని ఎడమవైపున అదే కర్ణంతో పోల్చాలి. అవి మూడు మిల్లీమీటర్లకి మించి తేడాగా ఉంటే శరీరమే పక్కకి ఒరిగిందని అర్థం. అప్పుడు బందుల్ని ఎంత సర్దినా లాభం లేదు. ముందు గూడుని లాగి సరిచెయ్యాలి. ముందు అద్దం ఉండే చట్రం మాత్రం సౌష్ఠవంగా ఉంటుంది, దానిలో రెండు కర్ణాలూ ఒకదానికొకటి సరిపోవాలి. ఇల్లు కట్టేముందు తాపీమేస్త్రి పునాది ముగ్గులో మూలమట్టం చూసే జ్యామితి ఇదే.

టెక్కలిలో ఇంజనీరింగ్ చదివే పిల్లలకి కొలతల శాస్త్రం ఒక సబ్జెక్టు. ఆ పిల్లలు ఒక రోజు కాశీబుగ్గ షెడ్డులో కూర్చుని, ఒరిగిన బండి కర్ణాలు కొలిస్తే, లాబ్‌లో ఏడాది నేర్చుకున్నదంతా ఒక్క ఇనపగూడులో కనబడుతుంది. మేస్త్రి దగ్గర పనినేర్చుకునే కుర్రాడికి ఆ లాబ్ చూపిస్తే అతనికీ అంతే మేలు. ఈ రెండు చోట్ల మధ్య అరగంట ప్రయాణం. కలపాలన్న ఆలోచనే ఇంకా రాలేదు.

*

ఇక స్పోర్ట్స్ కారు తలుపు. పాత ఇళ్లలో వీధి తలుపు పైబందు మేకులు వదులైతే ఏమవుతుందో మనకి తెలుసు. వదులైంది పైన, బందు దగ్గర. తలుపు రాసుకునేది కింద, రెండో కొసన, గడపకి. కారు తలుపూ అంతే. కాకపోతే ఇక్కడ లెక్క కట్టవచ్చు. రెండు బందుల మధ్య దూరం ఎంత, తలుపు పొడవు ఎంత అన్న నిష్పత్తి చూడాలి. మామూలు నాలుగు తలుపుల కారులో బందుల మధ్య 40 సెంటీమీటర్లు, తలుపు పొడవు మీటరు అనుకుందాం. పైబందు కింద ఒక మిల్లీమీటరు మందం షిమ్, అంటే పల్చటి రేకు బిళ్ల, వేస్తే తలుపు వెనక కొస రెండున్నర మిల్లీమీటర్లు కదులుతుంది. రెండు తలుపుల కారు ఎత్తు తక్కువ, కాబట్టి బందులు దగ్గరదగ్గరగా ఉంటాయి. వెనక సీటుకి వెళ్లడానికో అందం కోసమో తలుపు పొడవుగా ఉంటుంది. 35 సెంటీమీటర్లు, మీటరు 30 సెంటీమీటర్లు అనుకోండి. అదే ఒక్క మిల్లీమీటరు షిమ్ ఇక్కడ వెనక కొసని 3.7 మిల్లీమీటర్లు కదుపుతుంది. సందు మొత్తం వెడల్పే నాలుగు. బందు దగ్గర పావు మిల్లీమీటరు తప్పు జరిగినా వెనక కొసన మిల్లీమీటరుకి దగ్గరగా కనబడుతుంది.

ఈ నిష్పత్తి రెండువైపులా పదునున్న కత్తి. బందు పిన్నులో అరుగుదల కూడా ఇలాగే పెరుగుతుంది. అందుకే సందు సర్దేముందు తలుపు సగం తెరిచి, వెనక కొస కింద చెయ్యి పెట్టి ఎత్తి చూడాలి. కాస్తయినా ఊగితే పిన్నో బుష్షో అరిగింది. అది మార్చకుండా బందు సర్దితే, ఈ రోజు సరిపోయిన సందు మూడు నెలల్లో మళ్లీ కిందకి జారుతుంది. చూడగానే తోచే పని కాదు గనక చాలాచోట్ల దీన్ని వదిలేస్తారు. నా దృష్టిలో మొత్తం పనిలో అతి ముఖ్యమైన నిమిషం ఇదే.

పైకప్పు లేని స్పోర్ట్స్ కార్లది మరో కథ. కప్పున్న కారు మూసిన పెట్టె లాంటి నిర్మాణం, సులువుగా వంగదు. కప్పు తీసేస్తే మిగిలేది తొట్టి. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య బరువుని మోసేది అడుగునున్న నేల, దానికి రెండు పక్కలా ఉన్న సిల్ అనే పొడవాటి పెట్టెదూలాలు. 1961 మార్చిలో జెనీవా ప్రదర్శనలో జాగ్వార్ ఈ-టైప్ ప్రపంచానికి కనబడింది. ముక్కు నుంచి అద్దం దాకా ఒకే కవచంలా ముందుకి తెరుచుకునే దాని బానెట్ ఈనాటికీ చూపు తిప్పుకోనివ్వదు. దాన్ని తలుపుతో సమంగా కలపడానికి ముందునున్న బందుల దగ్గర షిమ్ములు వేస్తారు, తీస్తారు. ముందుకొసన చేసిన చిన్న మార్పు మీటరున్నరకి పైగా వెనక, అద్దం దగ్గర, తేలుతుంది. ఆ కాలపు కార్ల సిల్ దూలాలు తుప్పుపడితే వాటిని కోసి కొత్తవి వెయ్యాలి. కోసేముందు తలుపు ద్వారానికి అడ్డంగా ఇనప కమ్మీ వెల్డ్ చెయ్యడం తెలిసినవాళ్ల పద్ధతి. చెయ్యకపోతే దూలం తెగిన క్షణంలో కారు నడుము వాలిపోతుంది. ద్వారం పైభాగం ఇరుకవుతుంది, కిందిభాగం విచ్చుకుంటుంది. అలా వాలిన స్థితిలోనే కొత్త దూలం అతికిస్తే ఆ తలుపు ఇక ఎన్నటికీ సరిగ్గా మూతపడదు.

ఇదే కారణంగా జాకీ మీద లేపిన బండికి సందులు సర్దకూడదు. బండి తన నాలుగు చక్రాల మీద, సమతలమైన నేల మీద, ఇంజను లోపల ఉండగా నిలవాలి. ఇంజను దించిన శరీరం మీద పనంతా పూర్తిచేసి, తర్వాత రెండు వందల కిలోల ఇంజను లోపల పెడితే గూడు మళ్లీ వంగుతుంది.

ఉక్కు కాని శరీరాలూ ఉన్నాయి. 1953లో అమెరికాలోని ఫ్లింట్‌లో చేత్తో తయారైన తొలి 300 కార్వెట్ కార్లకి గాజునారతో అల్లిన ఫైబర్ శరీరం పెట్టారు. మన దేశంలో 1998లో శాన్ మోటార్స్ తెచ్చిన శాన్ స్టార్మ్ అనే రెండు సీట్ల కారు శరీరమూ ఫైబరే. ఉక్కు అంచుని సుత్తీ డాలీలతో మిల్లీమీటరు అటో ఇటో వంచవచ్చు, వంచితే అలా ఉండిపోతుంది. ఫైబర్ వంగదు, వంచితే విరుగుతుంది. అంచుని గరుకుకాగితంతో అరగదీయాలి, లేదా రెసిన్‌తో కొత్త పొరలు వేసి పెంచాలి. వీటికి శరీరాన్ని చాసిస్‌కి బిగించే బోల్టుల కింద షిమ్ములు వేసి సర్దడం మొదటి అడుగు. ఒక మూలన ఒక షిమ్ తగ్గితే శరీరం ఆ మూలకి మెలితిరిగి, ఎదురుగా ఉన్న తలుపు సందు మారిపోతుంది. మేస్త్రి మాట ఇక్కడ అక్షరాలా నిజం.

*

మన తీరంలో సందుని పాడుచేసే శత్రువులు రెండు. ఒకటి గాలివాన, రెండోది ఉప్పు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, విసురుకి 165 దాకా. ఉద్దానంలో తరాల నాటి కొబ్బరితోటలు, జీడితోటలు ఒక్క పూటలో నేలకూలాయి. ఆ నష్టం ముందు కార్ల సంగతి చెప్పడానికే మనసొప్పదు. అయినా చెట్టు పడిన కారు మన విషయానికి గొప్ప పాఠం. కొబ్బరి మాను కప్పు నడుమ పడితే అందరికీ కనబడేది కప్పు మీది సొట్ట. కానీ ఆ బరువు కప్పు అంచు దూలం గుండా మధ్యస్తంభంలోకి దిగుతుంది. స్తంభం వెలుపలికి ఉబ్బుతుంది. కప్పు రేకు మార్చి రంగు వేశాక చూస్తే బండి కొత్తదిలాగే ఉంటుంది. తలుపు వెనక సందు మాత్రం పైభాగాన సన్నమై కనబడుతుంది. ఎవరికీ చెప్పకుండా దాచిన ప్రమాదాన్ని ఆ సందు చెప్పేస్తుంది. పాత కారు కొనేవాళ్లు రంగు మెరుపు కన్నా ముందు నాలుగు తలుపుల సందులు చూడడం మంచిది.

ఉప్పు పని నెమ్మదిగా సాగుతుంది. నౌపడ ఉప్పుమడుల మీదుగా వీచే గాలి తాకిన రేకు మీద ఏం జరుగుతుందో సముద్రతీర గ్రామాల్లో అందరికీ తెలుసు. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి మడతపడిన చోట, తలుపు కింది అంచులో, ఉప్పునీరు చేరి ఆరకుండా ఉంటుంది. మడత లోపల ఆక్సిజన్ తక్కువ, బయట ఎక్కువ. ఈ తేడా వల్ల లోపలి భాగం కరిగిపోయే ధ్రువంగా మారుతుంది. క్లోరైడ్ అయాన్లు అక్కడికే చేరి దాన్ని ఇంకా ఆమ్లంగా మారుస్తాయి. తుప్పు తాను తినేసిన ఇనుము కన్నా రెండు రెట్లకి పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి మడత విచ్చుకుని, అంచు లావై, సందు ఇరుకవుతుంది. అంటే కింద మాత్రమే సన్నబడిన సందు బందుల జబ్బు కాకపోవచ్చు, లోపల తుప్పు ఉబ్బిన గుర్తు కావచ్చు. దాని మీద లప్పం పట్టించి నున్నగా రుద్దితే కొన్నాళ్లు బాగుంటుంది. లప్పం తేమని పీల్చుకుంటుంది, దాని కింద తుప్పు ఇంకా హాయిగా పెరుగుతుంది. వెడల్పైన సందుని లప్పంతో పూడ్చి సన్నగా చెయ్యడం కూడా ఇలాంటిదే. తలుపు దబ్బున వేసినప్పుడల్లా అంచు అదురుతుంది, లప్పం రేకుతో పాటు వంగలేక బీటలు తీస్తుంది. అంచు నిజంగా పెంచాల్సివస్తే రెండు మిల్లీమీటర్ల ఇనప చువ్వని అంచు వెంబడి చుక్కచుక్కగా వెల్డ్ చేసి, మధ్యమధ్య చల్లారనిచ్చి, అరగదీయాలి. ఒకే బిగిన వెల్డ్ చేస్తే వేడికి రేకు ముడుచుకుని కొత్త వంకర పుడుతుంది.

కొత్త స్పోర్ట్స్ కార్లలో అల్యూమినియం రేకులు ఎక్కువ. ఉప్పుగాలిలో అల్యూమినియానికి ఉక్కు ముక్క తగిలితే రెండూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, అందులో అల్యూమినియం తినబడుతుంది. ఉక్కు రేకుని రుద్దిన బ్రష్షుతోనే అల్యూమినియాన్ని రుద్దినా, అందులో చిక్కుకున్న ఉక్కు పొడి చాలు. పైగా అల్యూమినియం ఉక్కుకన్నా మూడు రెట్లు సులువుగా సాగి వెనక్కి విచ్చుకుంటుంది, కాబట్టి కొట్టినంత మేర నిలవదు. దీనికి వేరే సుత్తులు, వేరే బల్ల, వీలైతే వేరే గది ఉండాలి.

తుప్పు గురించి మాట్లాడుతూ పలాస జీడిని వదిలేస్తే అన్యాయం. జీడిపప్పు తీశాక మిగిలే తొక్కలో, తాకితే చర్మం బొబ్బలెక్కించే నూనె ఉంటుంది. దాన్నుంచి తీసే కార్డనాల్‌తో చేసే ఫెనాల్కమైన్లు ఎపాక్సీ రంగుల్ని గట్టిపరుస్తాయి. తడి ఉన్నా, చలి ఉన్నా అవి గట్టిపడతాయి గనక ఓడల అడుగుభాగాలకి, ఉప్పునీటి మధ్య నిలబడే కట్టడాలకి వాడతారు. అదే నూనెతో చేసిన పొడి బ్రేక్ లైనింగుల్లో ఘర్షణని స్థిరంగా ఉంచుతుంది. పలాస బట్టీల్లో చేతులు నల్లబడేలా జీడి కాల్చి, ఒలిచే ఆడవాళ్ల శ్రమ ప్రపంచంలో ఏ కారులో ఎక్కడ చేరుతోందో వాళ్లకి ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన విషయం అది.

*

ఇప్పుడు పని వరస చూద్దాం. కదలనిదాన్నుంచి కదిలేదానికి వెళ్లాలి. వెనక చక్రం మీది రేకు శరీరానికి వెల్డ్ అయి ఉంటుంది, దాన్ని కదపలేం, కాబట్టి అదే మొదలు. దానికి తలుపుని, తలుపుకి ఫెండర్ని, రెండు ఫెండర్ల మధ్య బానెట్‌ని, చివరికి బంపర్ని, దీపాల్ని సర్దాలి. చాలామంది కంటికి ముందుగా కనబడే బానెట్‌తో మొదలుపెట్టి, ముందు నుంచి వెనక్కి వచ్చి, చివరన తలుపు దగ్గర ఇరుక్కుంటారు.

తలుపు సర్దేముందు స్తంభానికుండే స్ట్రైకర్ ఊడదీయాలి. తాళం పట్టుకునే ఆ కొక్కెం సరిలేని తలుపుని కూడా బలవంతంగా పైకెత్తి సరిగ్గా ఉన్నట్టు చూపిస్తుంది. అది లేనప్పుడు తలుపు తన బందుల మీద తాను ఎలా నిలుస్తుందో కనబడుతుంది. బందు బోల్టుల చుట్టూ ముందే రంగుగీత గీసుకుంటే ఎంత జరిపామో తెలుస్తుంది, తప్పితే పాతచోటికి తిరిగి రావచ్చు. ఒకేసారి ఒక బందునే వదులుచెయ్యాలి. చివర్లో స్ట్రైకర్ పెట్టి, తలుపు మూసేటప్పుడు పైకీ కిందకీ కదలకుండా నేరుగా పట్టుకునేటట్టు దాన్ని సర్దాలి. కొత్త రబ్బరు పట్టీ వేస్తే అది తలుపుని ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి నెడుతుంది. రబ్బరు ఉండగానే కొలవాలి.

కొలవడానికి ఖరీదైన గేజ్ అక్కర్లేదు. డ్రిల్ బిట్ల కాడలు మూడు, మూడున్నర, నాలుగు, నాలుగున్నర మిల్లీమీటర్లవి సందులో పెట్టి జార్చుకుంటూ పోతే ఏది ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. ఆ అంకెల్ని తలుపు మీదే మాస్కింగ్ టేపు అంటించి రాసుకుంటే, సందు మొత్తం ఒక పటంలా కళ్ల ముందుంటుంది. పైనుంచి కిందకి అంకెలు ఒకే చొప్పున తగ్గుతూ ఉంటే తలుపు తిరిగింది, బందులు చూడాలి. మొదలు నుంచి చివర దాకా ఒకే అంకె ఎక్కువుంటే తలుపు ముందుకో వెనక్కో జరిగింది. మధ్యలో మాత్రం మారి రెండు కొసల్లో సరిగ్గా ఉంటే రేకు అంచే వంగింది, సుత్తికి పని. కింద మాత్రమే తగ్గితే తుప్పు కావచ్చు. డాక్టరు నాడి చూసినట్టే మేస్త్రి ఈ అంకెలు చదవగలడు.

రంగుకి కూడా చోటు వదలాలి. ఒక్కో అంచు మీద ప్రైమరు, రంగు, పైపూత కలిసి ఎనిమిదో వంతు మిల్లీమీటరు మందం వస్తాయి. రెండు అంచులు కలిపితే పావు మిల్లీమీటరు. ప్రైమరు పొరలు మళ్లీమళ్లీ వేసి రుద్దే పాత కార్ల పునరుద్ధరణలో ఇది మిల్లీమీటరు దాకా పోతుంది. బోడి ఇనుము మీద నాలుగుంపావు, పునరుద్ధరణలో ఐదు దాకా పెట్టుకుంటేనే రంగు తర్వాత నాలుగు మిగులుతుంది.

ఎంత సమంగా ఉంటే చాలు అన్న ప్రశ్నకి నా జవాబు, ఆ కారు పుట్టినప్పుడు ఉన్నంత. చేత్తో తయారైన అరవై ఏళ్ల నాటి కార్లకి కర్మాగారంలోనే ఎడమకీ కుడికీ తేడాలుండేవి. వాటికి ఈనాటి మూడు మిల్లీమీటర్ల సందు తేవాలని అంచులు కోసి, పెంచి, ఇంకో కారులా మార్చేయడం నాకు నచ్చదు. ఒక వైపు నాలుగున్నర, ఇంకో వైపు ఐదు ఉన్నా, ఒక్కో గీత తన పొడవునా సమానంగా సాగితే కన్ను ఒప్పుకుంటుంది. మొదట్లో చెప్పుకున్నట్టు కన్ను పట్టుకునేది వంకరనీ, వెడల్పులో మెల్లగా వచ్చే మార్పునీ. కారుకి ఒక పక్కనున్నవాడు రెండో పక్కని చూడలేడు కదా.

అంతా అయ్యాక తలుపు అడుగునుండే నీరుకారే రంధ్రాల్లో లప్పం, రంగు పేరుకోలేదని చూసుకుని, మడతల లోపలికి మైనం పిచికారీ చెయ్యాలి. బండిని రహదారి మీద సోంపేట దాకా తోలి, తిరుగుదారిలో ఒక గుంతల రోడ్డెక్కించి తేవాలి. వచ్చాక మర్నాడు పొద్దున నీడలో మళ్లీ డ్రిల్ కాడలు పెట్టి, టేపు మీది అంకెలతో పోల్చి, మారిన చోట ఆ బందు బోల్టుని మళ్లీ బిగించాలి.